కాళ్ళకిచ్చిన మందు, కడుపుకిచ్చిన మందు: ఒక రెస్ట్‌లెస్ లెగ్స్ కేసు

నేను ఒక చిన్న పట్టణంలో జనరల్ ఫిజీషియన్‌ని. ఇది రెస్ట్‌లెస్ లెగ్స్, అంటే ఊరికే ఉన్నప్పుడు కాళ్ళు కదపకుండా ఉండలేని జబ్బు, ఉన్న నా పేషెంటు ఒకావిడ కథ, రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. గుర్తుపట్టకుండా వయసూ, చేసే పనీ, ఇంటి సంగతులూ కొంచెం మార్చాను, మందుల కథ మాత్రం మార్చలేదు.

ఎందుకు రాస్తున్నానంటే, నేనిచ్చిన మందు వల్ల ఆవిడకు వికారం వచ్చింది, ఆ వికారానికి ఇంకొకరు ఇంకో మందు ఇచ్చారు, ఆ రెండో మందు అసలు జబ్బునే ఎగదోసింది, జబ్బు ముదిరిందనుకుని నేను మళ్ళీ మొదటి మందే పెంచాను. ఇలా ఎనిమిది నెలలు నడిచింది. చిట్టీలు విడివిడిగా చూస్తే ఎవరి తప్పూ కనబడదు. ఆవిడ మాత్రం ఆ ఎనిమిది నెలల్లో ఎన్నో అర్ధరాత్రులు హాల్లో గోడలు పట్టుకుని తిరిగారు.

మొదటిసారి వచ్చినప్పుడు

ఆవిడకు 48 ఏళ్ళు, ఇంటి దగ్గర కూర్చుని బట్టలు కుడతారు. థైరాయిడ్‌కు రోజూ 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్, బీపీకి అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు. షుగర్ లేదు. కిడ్నీ పరీక్షలు బాగున్నాయి.

"కాళ్ళు పీకుతున్నాయి సార్" అన్నారు. మన దగ్గర ఈ ఒక్క మాటలో చాలా జబ్బులు దాక్కుంటాయి: మోకాళ్ళ నొప్పి, నీరసం, పిక్కలు పట్టేయడం, తిమ్మిర్లు, అన్నిటికీ పీకడమే. అందుకే "నొప్పా అమ్మా?" అని అడిగాను. "నొప్పి కాదు సార్, ఎముక లోపల ఏదో జివజివలాడుతుంది, కదపకుండా ఉండలేను" అన్నారు. రాత్రి ఎనిమిది దాటి టీవీ ముందు కూర్చుంటే మొదలవుతుందట, లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది, కూర్చోగానే మళ్ళీ వస్తుంది, పడుకుంటే ఇంకా ఎక్కువ, తెల్లవారుజామున నాలుగింటికి గానీ కన్ను మూతపడదు. పిక్కల చుట్టూ పాత చీర ముక్కలు బిగించి కట్టుకుంటున్నారు. ఒకసారి రాత్రి బస్సులో హైదరాబాదు వెళ్తూ, చేతిలో టికెట్టు ఉండి కూడా సీట్లో కూర్చోలేక చాలా దూరం కడ్డీ పట్టుకుని నిలబడే వెళ్ళారట. వాళ్ళమ్మగారు కూడా రోజూ రాత్రి పిల్లల చేత కాళ్ళు తొక్కించుకునేవారని మాటల్లో అన్నారు. ఆ ఒక్క మాట నాకు సగం రోగనిర్ధారణ, ఎందుకంటే ఇది తరచూ కుటుంబాల్లో నడిచే జబ్బు.

అంతకు ముందు రెండు మూడేళ్ళుగా "నరాల బలహీనత" అన్న పేరు మీద బీ12 సూదులు, కాల్షియం మాత్రలు, ఒకసారి కాళ్ళ సిరలకు స్కానింగ్ కూడా అయ్యాయి.

రెస్ట్‌లెస్ లెగ్స్‌ను తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు, అడిగి తెలుసుకోవలసిందే. కాళ్ళు కదపాలన్న ఆపుకోలేని తహతహ, ఊరికే ఉన్నప్పుడు ఎక్కువవడం, కదిపితే తగ్గడం, సాయంత్రం రాత్రి వేళల్లో పెరగడం, ఇవన్నీ వేరే జబ్బుతో వచ్చినవి కాకపోవడం, ఈ ఐదూ కలవాలి. పిక్క పట్టేస్తే కండ గట్టిగా ముద్దలా తగులుతుంది, ఆవిడకు అలా లేదు. నరాలు దెబ్బతింటే మంట, తిమ్మిరి పగలు కూడా ఉంటాయి, నడిచినంత మాత్రాన పోవు. ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బేమీ కాదు, 1945లోనే స్వీడన్ న్యూరాలజిస్టు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ పేరు పెట్టి వివరంగా రాశారు. అయినా మా చదువులో దీనికి దక్కింది ఒకటి రెండు పేరాలే.

ఇంతవరకూ సరిగ్గానే చేశాను. దీని తర్వాత రెండు చోట్ల తొందరపడ్డాను. ఒకటి, హిమోగ్లోబిన్ 11.8 ఉంది కదా పరవాలేదనుకుని ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించలేదు. రెండు, తక్కువ మోతాదులో ప్రామిపెక్సోల్ రాశాను, 0.125 మిల్లీగ్రాములు, పడుకోవడానికి రెండు గంటల ముందు. ఆ మందు మెదడులో ఉండే డోపమైన్ అనే రసాయనం చేసే పని చేస్తుంది, అందుకే మొదట్లో అద్భుతంగా ఉంటుంది. పదో రోజు ఆవిడ ఫోన్ చేసి "ఇన్నేళ్ళ తర్వాత రాత్రంతా పడుకున్నాను సార్" అని ఏడ్చారు. ఆ ఫోన్ వచ్చాక ఏ డాక్టరుకైనా తాను సరిగ్గానే చేశానని నమ్మకం కుదిరిపోతుంది, నాకూ కుదిరింది. నిజానికి ఇలాంటి మందులు ఎక్కువ కాలం వాడితే జబ్బునే పెంచుతాయని, ముందు నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ లాంటివి వాడమని 2016లోనే అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. 2025లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ అయితే ప్రామిపెక్సోల్ తరహా మందులను మామూలుగా వాడవద్దనే రాసింది.

ఎనిమిది నెలల్లో జరిగింది

రెండో నెలాఖరుకు మళ్ళీ మొదలైందన్నారు, 0.25 చేశాను. ఆరో నెలలో 0.5 చేశాను. పెంచిన ప్రతిసారీ కొన్ని వారాలు బాగుండడం, మళ్ళీ మామూలే. ఎనిమిదో నెలలో వచ్చినప్పుడు మాత్రం కథ మారింది. ఇప్పుడు రాత్రి ఎనిమిదికి కాదు, మధ్యాహ్నం నాలుగింటికే మొదలవుతోంది. కుట్టు మిషన్ దగ్గర పది నిమిషాలు కూర్చోలేకపోతున్నారు. కాళ్ళకే పరిమితమైంది చేతులకు కూడా పాకింది, కూరగాయలు తరుగుతూ మధ్యలో లేచి చేతులు విదిలించుకుంటున్నారట.

వేళ ముందుకు జరగడం, చేతులకు పాకడం, మందు పెంచిన కొద్దీ బాధ పెరగడం, దీన్ని ఆగ్మెంటేషన్ అంటారు. బాధ తగ్గించాల్సిన మందే దాన్ని పెంచి పోషించడం. ఆ క్షణం చేయకూడని పని మోతాదు ఇంకోసారి పెంచడం. అలాగని ఒక్కసారిగా ఆపేస్తే అంతకంటే ఘోరం, రాత్రుళ్ళు నరకం చూస్తారు.

అప్పుడు, మొదటి రోజే అడగాల్సిన మాట అడిగాను. "ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకు రండి. రోజూ వేసుకునేవే కాదు, ఎప్పుడో ఒకసారి వేసుకునేవీ, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవీ, అన్నీ." అంతవరకూ నేను చూసింది ఆవిడ ఫైలు, ఫైల్లో ఉన్నవి డాక్టర్ల చిట్టీలు. సంచి విప్పి టేబుల్ మీద పేరిస్తే పదకొండు స్ట్రిప్పులు తేలాయి.

రెండు నన్ను ఆపేశాయి. ఒకటి జలుబు మాత్ర, అందులో క్లోర్‌ఫెనిరమిన్ ఉంది. ఇల్లు దులిపినప్పుడల్లా తుమ్ములు, ఒక మాత్ర, ఆ రాత్రి కాళ్ళు మరీ ఎక్కువ. మగత తెచ్చే పాతకాలపు అలర్జీ మందులు ఈ జబ్బున్న వాళ్ళకు పడవు. రెండోది గ్యాస్ మాత్ర. మన ఊళ్ళలో గ్యాస్ మాత్ర అంటే ఎవరూ మందు కింద లెక్కపెట్టరు, "మీరు ఏమేం మందులు వాడుతున్నారు" అంటే అది జవాబులోకి రానే రాదు. స్ట్రిప్పు వెనక్కి తిప్పి చదివితే రాబెప్రజోల్, దానితో పాటు లీవోసల్పిరైడ్ 75 మిల్లీగ్రాములు.

ఎప్పటి నుంచి అని అడిగితే మెల్లగా చెప్పారు. నా మందు మొదలుపెట్టిన రెండో వారంలోనే వికారం మొదలైందట, అది ప్రామిపెక్సోల్‌కు తెలిసిన దుష్ప్రభావమే. "మీకు చెబితే ఆ మందు ఆపేస్తారేమోనని చెప్పలేదు సార్" అన్నారు. ఇంటి దగ్గర క్లినిక్కులో వికారం, గ్యాస్ అని చెబితే ఈ క్యాప్సూల్ రాశారు. అప్పటి నుంచి రోజూ పరగడుపున ఒకటి, అయిపోతే షాపులో స్ట్రిప్పు చూపించి ఇంకోటి.

లీవోసల్పిరైడ్ డోపమైన్‌ను అడ్డుకునే మందు, మెదడులో కూడా. నేను డోపమైన్ పనిచేసే మందు పోస్తున్నాను, ఆ క్యాప్సూల్ తూము తీసి వదిలేస్తోంది. ఆ డాక్టరుకు ఆవిడ ప్రామిపెక్సోల్ వాడుతున్నట్టు తెలియదు, నాకు క్యాప్సూల్ సంగతి తెలియదు, షాపులో అబ్బాయికి రెండూ తెలిసినా అది అతని పని కాదు. ఈ గొలుసులో మొదటి లంకె నేనే. "వికారం రావచ్చు, వస్తే నాకే చెప్పండి, మందు ఆపను, కొంచెం తిన్నాక వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది" అని నేను మొదటి రోజే ఒక్క మాట చెప్పి ఉంటే ఆవిడ ఇంకో క్లినిక్కు గడప తొక్కేవారు కాదు.

ఏది ముందు తీయాలి

బాధ పెరగడానికి ఇప్పుడు కారణాలు కనీసం మూడు: ఆగ్మెంటేషన్, లీవోసల్పిరైడ్, జలుబు మాత్ర. ఇంకో అనుమానం కూడా వచ్చింది. లీవోసల్పిరైడ్ లాంటి మందులతో అకథీసియా రావచ్చు, అంటే ఒళ్ళంతా కుదురులేకపోవడం. కానీ దానికి రాత్రి పగలు తేడా అంతగా ఉండదు, పైగా అది లోపలి నుంచి తరిమే అశాంతి, కాళ్ళలో జివజివ కాదు. చేతులు బిగుసుకోవడం, వణుకు, ముఖంలో కదలిక తగ్గడం ఉన్నాయేమో చూశాను, లేవు.

అన్నీ ఒకేసారి మార్చాలనిపించింది, ఆవిడ అంత బాధలో ఉన్నారు. మార్చితే ఏది ఎంత చేసిందో ఎప్పటికీ తెలియదు. అందుకని ప్రామిపెక్సోల్ ముట్టుకోకుండా, తీసేస్తే నష్టం లేనివి ముందు తీశాను. క్యాప్సూల్ ఆపించాను. జలుబు మాత్రకు బదులు ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే, మరీ అవసరమైతే మెదడులోకి అంతగా వెళ్ళని ఫెక్సోఫెనడిన్. వికారం తిరిగొస్తుందని ముందే చెప్పి, ప్రామిపెక్సోల్ రాత్రి భోజనం తర్వాత వేసుకోమన్నాను. తప్పనిసరైతే డోమ్‌పెరిడోన్ ఆలోచించేవాణ్ణి, అది మెదడులోకి దాదాపుగా వెళ్ళదు, కానీ గుండె లయ మీద దాని ప్రభావం ఉంది, ఈసీజీ చూడకుండా ఇవ్వను. అంతదాకా రాలేదు.

మూడు వారాల్లో రెండు గంటల నిద్ర నాలుగు గంటలైంది. మధ్యాహ్నం నాలుగింటి బాధ మాత్రం అలాగే ఉంది, చేతుల్లోనూ ఉంది. అంటే క్యాప్సూల్ వాటా ఎంతో తెలిసింది, ఆగ్మెంటేషన్ నిజమేనని కూడా తెలిసింది.

ఇనుము దగ్గర తిన్న దెబ్బలు

అప్పుడు ఫెరిటిన్ చేయించాను, 14 వచ్చింది. రిపోర్టులో దాని పక్కన నార్మల్ అనే ఉంది, ఎందుకంటే ఆ ల్యాబ్ కింది హద్దు 10. రక్తహీనత కోసం వేసిన గీత అది. ఈ జబ్బులో చూడాల్సిన గీత వేరే, 75 లేదా అంతకంటే తక్కువుంటే ఇనుము ఇవ్వాలి. మెదడు డోపమైన్ తయారుచేసుకోవడానికి ఇనుము కావాలి, హిమోగ్లోబిన్ బాగానే కనబడుతున్నా లోపల నిల్వ అడుగంటి ఉండొచ్చు. పైగా నిల్వ తక్కువున్న వాళ్ళకే ఆగ్మెంటేషన్ ముప్పు ఎక్కువ. మొదటి రోజు నేను వదిలేసిన పరీక్ష ఇదే.

ఇనుము ఎక్కడికి పోతోంది? నెలసరి గురించి అడిగితే మొదట "మామూలే" అన్నారు. నర్సమ్మ విడిగా అడిగితే ఏడాదిగా ఎనిమిది తొమ్మిది రోజులు పోతోందని చెప్పారు. ఎందుకు దాచారంటే, చెబితే గర్భసంచి తీసేయమంటారని భయం, వాళ్ళ వీధిలోనే ఇద్దరికి తీసేశారట. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, ఆ ఆపరేషన్లు దేశంలోనే ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనవి రెండూ ఉన్నాయి. ఆపరేషన్ మాటెత్తకుండా చూసే గైనకాలజిస్టు దగ్గరికి పంపాను. గర్భసంచిలో చిన్న గడ్డ (ఫైబ్రాయిడ్) ఉంది, లోపల హార్మోన్ ఉన్న లూప్ వేశారు, నాలుగైదు నెలల్లో రక్తస్రావం బాగా తగ్గింది.

ఈలోగా ఐరన్ మాత్ర రాశాను, చిట్టీ మీద "రోజూ ఒకటి, ఉదయం" అని. ఆవిడ చాలా పద్ధతైన మనిషి. ఉదయం అని రాసినవన్నీ ఉదయం ఆరింటికే ఒకేసారి వేసుకున్నారు, థైరాక్సిన్‌తో కలిపి. ఇనుము థైరాక్సిన్‌ను కడుపులోనే పట్టేసి ఒంటికి అందనివ్వదు, రెంటి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. మూడు నెలల తర్వాత చూస్తే, థైరాయిడ్ మందు చాలనప్పుడు పెరిగే టీఎస్‌హెచ్ 3.1 నుంచి 11.6కు చేరింది. అప్పటిదాకా ఆవిడకున్న నీరసం, ఒళ్ళు బరువు కొత్త మందు వల్లనేమో అనుకుంటున్నాం మేమిద్దరం. ఇది చూడకుండా థైరాక్సిన్ మోతాదు పెంచేస్తే ఇంకో గొలుసు మొదలయ్యేది. మోతాదు మార్చలేదు, వేళ మార్చాం, ఎనిమిది వారాల్లో మామూలుకొచ్చింది.

ఫెరిటిన్ మాత్రం మూడు నెలల్లో 22 దాటలేదు. లూప్ పని అందుకునేదాకా రక్తం పోతూనే ఉంది, మలబద్ధకం భరించలేక వారంలో రెండు మూడు రోజులు మాత్ర మానేశారు, వేసుకున్న రోజుల్లో వెనకాలే టీ, అది ఇనుమును ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. ఇంకో మూడు నెలలు మాత్రలతోనే చూద్దామా, రక్తనాళం ద్వారా ఇద్దామా? ఆవిడ ప్రామిపెక్సోల్ నుంచి బయటపడాలి, ఇనుము నిల్వ లేకుండా దాన్ని తీయడం కష్టం, ఈ రెండూ ఆలోచించి ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఇనుము మందు 1,000 మిల్లీగ్రాములు ఆసుపత్రిలో పెట్టించి సెలైన్‌లో ఎక్కించాం. ఖర్చు గురించి ముందే వివరంగా మాట్లాడాను. దీనివల్ల కొందరికి ఫాస్ఫరస్ పడిపోతుంది, అది కూడా చూశాం. ఎనిమిది వారాల తర్వాత ఫెరిటిన్ 160. ఎక్కించిన వెంటనే చేయిస్తే అంకె తప్పుదారి పట్టిస్తుంది, అందుకే ఆగాం. మేలు కూడా మరుసటి రోజు కనబడదు, ఆవిడకు ఐదో వారంలో తేడా తెలిసింది.

ప్రామిపెక్సోల్‌ను దింపడం

ఇనుము పని జరుగుతుండగానే ప్రీగాబలిన్ 75 మిల్లీగ్రాములు రాత్రి మొదలుపెట్టాను, దాని మీద నిలదొక్కుకున్నాక ప్రామిపెక్సోల్‌ను రెండేసి వారాలకు 0.125 చొప్పున తగ్గించాం. 0.25 దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి తగ్గిస్తే ఆవిడ తట్టుకోలేకపోయారు, నేను బలవంతం చేయలేదు. ప్రీగాబలిన్‌ను 150 చేశాను, ఇనుము ఎక్కించిన ఆరు వారాలకు మళ్ళీ మొదలుపెట్టాం. చివరి మెట్టే కష్టం. పూర్తిగా మానేశాక నాలుగు రాత్రులు అసలు నిద్ర ఉండకపోవచ్చు, అది జబ్బు తిరగబెట్టడం కాదు, మందు పోతూ పోతూ చేసే గొడవ అని ముందే చెప్పాను, వాళ్ళ అమ్మాయిని ఆ వారం వచ్చి ఉండమన్నాను. నాలుగు కాదు, ఆరు రాత్రులు పట్టింది. ఏడో రోజు సాయంత్రం నాలుగింటికి ఆవిడ మిషన్ దగ్గర కూర్చుని కుట్టారు.

మధ్యలో ఇంకొకటి. ప్రీగాబలిన్ 150కి వెళ్ళిన మూడో వారంలో రెండు పాదాలూ వాచాయి. ప్రీగాబలిన్‌తో వాపు రావచ్చు, అమ్లోడిపిన్‌తోనూ రావచ్చు, రెండూ కలిస్తే ఇంకా ఎక్కువ. నీరు పోయే మాత్ర రాయడం తేలిక, రాస్తే అది ఆవిడకు మరో మందు, దానికి మరో పరీక్ష. గుండె, కిడ్నీ, లివర్ వల్ల కాదని తేల్చుకుని అమ్లోడిపిన్ ఆపి బీపీకే ఇంకో మందు, టెల్మిసార్టన్ 40 ఇచ్చాను. అది గర్భిణులు వాడకూడని మందు, ఆవిడకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడో అయింది కాబట్టి ఆ భయం లేదు, రెండు వారాలకు పొటాషియం, క్రియాటినిన్ చూశాను. వాపు తగ్గింది, బీపీ నిలబడింది.

అంతా కుదురుకుందనుకున్నాక ఒక రోజు "మళ్ళీ మొదటికొచ్చింది సార్, వారం నుంచి" అని వచ్చారు. ఈసారి ఆవిడే స్ట్రిప్పు తీసి ముందు పెట్టారు. షాపులో ప్రీగాబలిన్ విడిగా లేదని, "ఇదీ అదేనమ్మా, నరాలకి ఇంకా మంచిది" అని ప్రీగాబలిన్‌తో పాటు నార్‌ట్రిప్టిలిన్ కలిసిన మాత్ర ఇచ్చారు. నరాల నొప్పికి అది సరైన జోడీనే. కానీ నార్‌ట్రిప్టిలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి కొందరిలో ఈ జబ్బును పెంచవచ్చు. విడి మాత్ర తెప్పించాక పది రోజుల్లో సర్దుకుంది.

నేను మార్చుకున్నవి

కాళ్ళు పీకుతున్నాయని ఎవరొచ్చినా ఇప్పుడు చిట్టీ రాసే ముందు సంచి చూస్తాను. "మందులు ఏం వాడుతున్నారు" అని అడగను, గ్యాస్‌కి ఏం వేసుకుంటారు, జలుబుకి ఏం వేసుకుంటారు, వాంతికి, తల తిరిగితే, నిద్ర పట్టకపోతే, ఇలా ఒక్కొక్కటీ విడిగా అడుగుతాను. ఫెరిటిన్ మొదటి రోజే. ప్రామిపెక్సోల్ ఎవరైనా ఇప్పటికే వాడుతుంటే, మొదలయ్యే వేళ ఎంత ముందుకు జరిగిందో ప్రతిసారీ రాసుకుంటాను, కొనుగోళ్ళ పిచ్చి, పేకాట, ఆన్‌లైన్ జూదం లాంటివి కొత్తగా పట్టుకున్నాయేమో ఇంట్లో వాళ్ళు లేనప్పుడు అడుగుతాను, అది ఆ మందుకు తెలిసిన ప్రమాదమే. ఈవిడకు అలాంటిదేమీ రాలేదు, కానీ మొదటి ఎనిమిది నెలల్లో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఐరన్ రాస్తే "ఉదయం" అని రాయను, గంట వేసి, టీకి ఎంత ఎడమో కూడా రాస్తాను.

ప్రీగాబలిన్ కూడా అమాయకమైన మందేమీ కాదు. ఆవిడ మూడు కిలోలు పెరిగారు, మొదటి వారాల్లో రాత్రి లేస్తే తూలేవారు. నిద్ర మాత్రలతో, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలతో, మద్యంతో కలిస్తే మగత ప్రమాదకరం, కిడ్నీ తగ్గిన వాళ్ళకు మోతాదు తగ్గించాలి. 150 నుంచి 75కు దింపగలిగాను, పూర్తిగా ఆపడానికి రెండుసార్లు ప్రయత్నించి వెనక్కి తగ్గాను. వారంలో ఒకటి రెండు రాత్రులు ఇప్పటికీ జివజివ వస్తుందట. లేచి కాసేపు నడిచి, పిక్కలు పిసుక్కుని మళ్ళీ పడుకుంటున్నారు. చీర ముక్కలు కట్టుకోవడం మానేశారు.

పోయిన నెల వచ్చినప్పుడు ఫెరిటిన్ 112. వచ్చే నెలలో ఎండోస్కోపీ ఉందట, వాళ్ళు వాంతి రాకుండా సూది ఇస్తే ఏం చేయాలని అడిగారు. వాంతి మందుల్లో డోపమైన్‌ను అడ్డుకునేవి ఆవిడకు పడవు కాబట్టి చిట్టీ వెనక పెద్ద అక్షరాలతో రాసిచ్చాను: మెటోక్లోప్రమైడ్ వద్దు, ప్రోక్లోర్‌పెరజిన్ వద్దు, ఒండాన్‌సెట్రాన్ పరవాలేదు, ముందు ఈసీజీ చూడండి, అనుమానముంటే నాకు ఫోన్ చేయండి. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి ఫోన్ కవరు వెనకాల పెట్టుకున్నారు.